లష్కర్ కట్టడాల గురించి ముఖ్యమంత్రి గారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన ముఖ్యమంత్రి శ్రీ ఎ. రేవంత్ రెడ్డి గారికి,



2025 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ ముఖభాగాన్ని కూల్చేశారు. కోటగుమ్మంలాంటి ఆ తోరణాలు కనబడగానే ఊరొచ్చిందని సామాను సర్దుకున్న తరాలు మూడు నాలుగైనా ఉంటాయి. ఒకటి రెండు రోజులు పత్రికల్లో ఫొటోలు వచ్చాయి, ఫోన్లలో వీడియోలు తిరిగాయి. తర్వాత రేకుల కంచె లేచింది, ఆటోలు దారి మార్చుకున్నాయి, ఊరు తన పనిలో తాను పడింది.

ఆ స్టేషన్ రైల్వేది, మీ ప్రభుత్వానిది కాదు. కొత్త స్టేషన్ పనులకు 2023 ఏప్రిల్ 8న శంకుస్థాపన చేసింది ప్రధానమంత్రి. అయినా ఈ ఉత్తరం మీకే రాస్తున్నాను. సికింద్రాబాద్‌లో ఇంకా నిలబడి ఉన్నవాటిలో చాలావాటి భవిష్యత్తు మీ చేతుల్లో ఉంది. పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ కూడా మీ దగ్గరే ఉంది. కొన్ని నిర్ణయాలకు మీ ఒక్క సంతకం చాలు.

నేను సివిల్ ఇంజినీరును, మారేడుపల్లిలో ఉంటాను. నాకు అన్నం పెట్టింది కొత్త కట్టడాలే. కాబట్టి పాతదంతా అలాగే ఉండాలి, కొత్తది రాకూడదు అనే వాదన నాది కాదు. 1874లో రైలు మొదటిసారి వచ్చినప్పటి సికింద్రాబాద్ వేరు, రోజూ లక్షమందికి పైగా ఎక్కి దిగే ఇప్పటి సికింద్రాబాద్ వేరు. పెద్దవాళ్లు ఆయాసపడుతూ వంతెన మెట్లెక్కే స్టేషన్‌కు లిఫ్టులు కావాలి. పక్కనే ఉన్న మెట్రో స్టేషన్లకు ఎండావానా తగలకుండా నడిచే దారి కావాలి. సుమారు 700 కోట్ల రూపాయలతో అవన్నీ వస్తున్నాయంటే నాకు సంతోషమే. నా బాధ ఒక్కటే. తోరణాలను ఉంచి వాటి వెనక కొత్త స్టేషన్ కట్టలేమా? ముందు భాగంలో ఏది ఏ కాలం నాటిది, ఏది ఉంచదగ్గది, ఏది తీసేయొచ్చు? రక్షిత జాబితాలో లేని కట్టడం విషయంలో ఈ ప్రశ్నలు అడిగి తీరాలని చెప్పే నిబంధన మన దగ్గర లేదు. అడిగాక కుదరదని తేలినా నాలాంటివాళ్లు ఒప్పుకునేవాళ్లం. 1916 నాటి కాచిగూడ స్టేషన్ తన గుమ్మటాలతో సహా ఇవాళ్టికీ రైళ్లు నడుపుతోంది. పాత కట్టడంలో కొత్త పని జరగదనే మాటకు మన ఊళ్లోనే జవాబుంది.

సికింద్రాబాద్ పుట్టుక మీకు తెలియనిది కాదు. 1798 ఒప్పందం తర్వాత హుస్సేన్ సాగర్‌కు ఉత్తరాన ఇంగ్లిషు సైన్యం గుడారాలు వేసింది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరుతో ఆ దండు ఊరైంది. దండు వెంట తమిళులు, పార్సీలు, మార్వాడీలు, గుజరాతీలు, ఆంగ్లో ఇండియన్లు వచ్చారు. దండుకు బియ్యం, గుర్రాలకు దాణా అమ్మినవాళ్లు బజార్లు కట్టారు. జనం నోట ఇది లష్కర్ అయింది. మహంకాళి అమ్మవారి జాతరను ఇప్పటికీ లష్కర్ బోనాలు అనే అంటున్నాం. ఇక్కడి కట్టడాలు ఒక్క రాజు, ఒక్క వంశం కట్టించినవి కావు. అందుకే హైదరాబాద్‌లో చార్మినార్‌కు ఉన్నట్టు సికింద్రాబాద్‌లో దేనికీ ఒక పెద్ద దిక్కు లేదు.

సికింద్రాబాద్‌లో మహబూబ్ కాలేజీ ఉంది. 1862లో సోమసుందరం మొదలియార్ పెట్టిన బడి అది. 1893 ఫిబ్రవరి 13న వివేకానందుడు అక్కడ మాట్లాడాడు. అప్పటికింకా షికాగో సభ జరగలేదు, ఆయన పేరు ప్రపంచానికి తెలియదు. అక్కణ్నుంచి కొంతదూరం వెళ్తే బేగంపేటలో రొనాల్డ్ రాస్ పనిచేసిన భవనం వస్తుంది. మలేరియా దోమ ద్వారా వస్తుందన్న సంగతికి కీలకమైన ఆధారం ఆయనకు 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లోనే దొరికింది. ప్రపంచమంతా ఏటా ఆ తేదీని దోమల దినంగా గుర్తుచేసుకుంటుంది. 1813 నాటి సెయింట్ జాన్స్ చర్చి, 1847 నాటి పార్సీల అగ్ని దేవాలయం, అదే ఏడాది బొల్లారంలో కట్టిన హోలీ ట్రినిటీ చర్చి, తిరుమలగిరిలో కోటలా కనిపించే సైనిక జైలు, ఇంకా పాట్ మార్కెట్ సందుల్లో పేరు లేని చెక్క బాల్కనీల ఇళ్లు. వీటిలో ఒకటి ట్రస్టుది, ఒకటి విశ్వవిద్యాలయానిది, ఒకటి చర్చిది, ఒకటి రక్షణ శాఖది, చాలావరకు మామూలు కుటుంబాలవి. ఇన్ని చేతుల్లో ఉన్న ఊరిని కాపాడాలంటే ఎవరో ఒకరు అందరినీ కూర్చోబెట్టాలి. ఆ పని రాష్ట్ర ప్రభుత్వం తప్ప మరెవరూ చేయలేరు.

ఒకప్పుడు ఈ దిశగా మనం దేశంలో ముందే ఉన్నాం. 1995లో హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ (హుడా) జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధనగా వారసత్వ కట్టడాల రక్షణను చేర్చారు. బొంబాయి తర్వాత అలాంటి నిబంధన తెచ్చుకున్న నగరం మనదే. 1998లో జాబితా ప్రకటించారు. ఆ కట్టడాలను కూల్చాలన్నా మార్చాలన్నా ఒక నిపుణుల సంఘం ముందుకు రావాల్సిందే. ఆ సంఘం ఎప్పుడూ గొప్పగా పనిచేసిందని నేననను. కానీ ఒక తలుపైతే ఉండేది, వెళ్లి తట్టడానికి. 2015 డిసెంబర్‌లో ఆ 13వ నిబంధననే తీసేశారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది గానీ, పాత జాబితాలోని నగర కట్టడాలన్నిటికీ అందులో అదే గొడుగు దొరకలేదు. ఎర్రమంజిల్ ప్యాలెస్ కథ అందరికీ తెలిసిందే. శాసనసభ కోసం దాన్ని కూల్చాలని అప్పటి ప్రభుత్వం నిర్ణయిస్తే, 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఒక్కో భవనం కోసం ఒక్కోసారి కోర్టు మెట్లెక్కడం ఊరివాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఎర్రమంజిల్‌కు దొరికినన్ని గొంతులు పాట్ మార్కెట్‌లోని ఒక మామూలు ఇంటికి దొరకవు.

ఇక్కడ నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాటకు వస్తాను.

పద్మారావునగర్ వైపు ఒక పాత ఇల్లు చూడటానికి నన్ను పిలిచారు. ఆ ఇంటి పెద్దావిడ వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. పైన బర్మా టేకు దూలాలు, వాటి మీద చిన్న ఇటుకలు నిలువుగా పేర్చి డంగు సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్. ఏప్రిల్ ఎండలో కూడా లోపల చల్లగా ఉంది. ఒక మూల మాత్రం పైకప్పు నల్లగా చెమ్మపట్టి కిందికి కుంగింది. ఇల్లు ఎంత బాగుందో నేను చెబుతుంటే ఆవిడ మధ్యలోనే ఆపింది.

“బాగుందని అందరంటరు సారూ. ఫొటోలు దీసుకపోతరు. ఈ కప్పు ఎవలు వేయిస్తరు? మా మరిది వాటా అడుగుతుండు. ఇద్దరు పిల్లలు అమెరికాల ఉన్నరు. బిల్డర్ ఆరు ఫ్లాట్లు ఇస్తనంటుండు. మీరైతే ఏంజేస్తరు?”

నా దగ్గర జవాబు లేదు. ఉన్న జవాబల్లా బిల్డర్ చెప్పిందే. మరుసటి వానాకాలానికి ఆ ఇల్లు లేదు. ఆవిణ్ని తప్పుపట్టే హక్కు నాకే కాదు, ఏ వారసత్వ ప్రేమికుడికీ లేదనుకుంటాను. వందేళ్ల ఇంటిని ఊరి కోసం ఉంచమంటున్నాం. ఖర్చు మాత్రం ఆ ఒక్క కుటుంబం మీదే పెడుతున్నాం. ఇది అన్యాయం. ఆ అన్యాయాన్ని సరిచేయకుండా ఎన్ని జాబితాలు రాసినా, జాబితాలో పేరు పడటాన్ని యజమానులు శాపంగానే చూస్తారు. పేరు పడకముందే రాత్రికి రాత్రి పడగొట్టుకునేవాళ్లు కూడా ఉంటారు.

ఇప్పుడు మన లెక్కలు ఎలా ఉన్నాయో చూడండి. రోడ్డు వెడల్పు కోసం స్థలం ఇచ్చినవాళ్లకు 2017 నుంచి 400 శాతం టీడీఆర్ ఇస్తున్నారు. అంటే బదిలీ చేసుకునే అభివృద్ధి హక్కు. వంద గజాలు రోడ్డుకు పోతే నాలుగు వందల గజాలకు లెక్కగట్టి పత్రం ఇస్తారు. దాన్ని యజమాని ఏ బిల్డర్‌కైనా అమ్ముకోవచ్చు. బిల్డర్ దాంతో తన భవనం మీద అదనపు అంతస్తు వేసుకోవచ్చు. మంచి పద్ధతే. రోడ్లు దీనివల్లనే వెడల్పవుతున్నాయి. వారసత్వ కట్టడాన్ని కాపాడుకునే యజమానికి కూడా టీడీఆర్ ఇవ్వొచ్చని అదే విధానంలో ఉంది. కానీ రోడ్డుకు ఇచ్చేదానితో పోలిస్తే అది ఎంతో తక్కువ. పైగా సరైన జాబితా, పనిచేసే సంఘం లేకపోతే ఈ ఇల్లు వారసత్వ కట్టడమే, దీన్ని సరిగ్గానే కాపాడుతున్నారు అని ధ్రువీకరించేవాళ్లెవరు? పాత గోడ రోడ్డు కింద పడిపోతే నాలుగింతలు వస్తుంది, నిలబడితే దాదాపు ఏమీ రాదు. ఏ మధ్యతరగతి కుటుంబం నిలబెట్టే దారి ఎంచుకుంటుంది?

న్యూయార్క్‌కు కూడా ఇదే చిక్కు ఎదురైంది, అదీ రైల్వే స్టేషన్ల విషయంలోనే. 1910లో కట్టిన పెన్సిల్వేనియా స్టేషన్‌ను 1963లో కూల్చడం మొదలుపెట్టారు. ఆ బాధలోంచి 1965లో ఆ నగరానికి కట్టడాల రక్షణ చట్టం పుట్టింది. తర్వాత గ్రాండ్ సెంట్రల్ స్టేషన్ నెత్తిన యాభై అంతస్తులకు పైగా టవర్ కట్టాలని దాని యజమాని అయిన రైల్వే కంపెనీ అడిగింది. నగరం ఒప్పుకోలేదు. కంపెనీ కోర్టుకెక్కింది. 1978లో అమెరికా సుప్రీంకోర్టు నగరం వైపే తీర్పిచ్చింది. ఆ తీర్పులో న్యాయమూర్తులు గమనించిన సంగతుల్లో ఒకటి, తన స్టేషన్ మీద కట్టుకోలేని అంతస్తుల హక్కును చుట్టుపక్కల స్థలాలకు మార్చుకునే వీలు కంపెనీకి ఉండటం. వద్దు అని చెప్పిన నగరమే మరోచోట కట్టుకునే హక్కు కూడా ఇచ్చింది. ఆ రెండు మాటలూ కలిసి వచ్చాయి కాబట్టే గ్రాండ్ సెంట్రల్ ఇవాళ నిలబడి ఉంది, చుట్టూ ఆకాశహర్మ్యాలూ లేచాయి. మనం చట్టంలో ‘వద్దు’ను బలహీనం చేసుకున్నాం, ఇవ్వాల్సిన హక్కును చిన్నది చేసుకున్నాం.

మన దగ్గర ఒక చిక్కుంది, దాన్ని దాచి మాట్లాడటం సరికాదు. 2006 నుంచి హైదరాబాద్‌లో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే ఎంత స్థలంలో ఎంత కట్టొచ్చన్న హద్దు, లేదు. స్థలం పెద్దదై, ముందు రోడ్డు వెడల్పుగా ఉంటే ఎంత ఎత్తయినా లేపుకోవచ్చు. బొంబాయిలో టీడీఆర్‌కు విలువ ఎక్కువ, అక్కడ ప్రతి అడుగుకూ లెక్కుంది కాబట్టి. ఇక్కడ ఆ విలువను ప్రభుత్వమే పుట్టించాలి. మీరు చేయగలిగింది ఇది: పడమర వైపు లేస్తున్న ముప్పై, నలభై అంతస్తుల టవర్లు తమ అదనపు అంతస్తుల్లో ఒక చిన్న వాటాను తప్పనిసరిగా వారసత్వ టీడీఆర్ కొనే కట్టుకోవాలని నిబంధన పెట్టండి. వారసత్వ కట్టడానికి ఇచ్చే హక్కును రోడ్డుకు ఇచ్చేదానితో సమానం చేయండి. ఆ సొమ్ములో కొంత భాగం ప్రత్యేక ఖాతాలో ఉండి, ఇంటి మరమ్మతు జరిగిన మేరకే యజమాని చేతికి రావాలి. కోకాపేటలో కట్టే నలభయ్యో అంతస్తు మారేడుపల్లిలో ఒక పాత కప్పు వేయించాలి. సర్కారు ఖజానా మీద దీని భారం పెద్దగా పడదు. కొత్త నిర్మాణమే పాత నిర్మాణాన్ని పోషించే ఏర్పాటిది. బిల్డర్లు ఒప్పుకుంటారా అని మీ అధికారులు అడగొచ్చు. నేను వాళ్ల మధ్యే పనిచేస్తాను. నిబంధన అందరికీ ఒకటేనని, రేపు మారదని నమ్మకం ఉంటే వాళ్లు ఖర్చులో రాసుకుని ముందుకెళ్తారు. వాళ్లకు భయం ఖర్చంటే కాదు, ఫైలు ఎప్పుడు ఎక్కడ ఆగుతుందో తెలియకపోవడమంటే.

ఆ భయం పాత ఇళ్లవాళ్లకూ ఉంది. పేరు జాబితాలో పడితే కిటికీ మార్చడానికి కూడా అనుమతి కోసం తిరగాలేమో అని. కాబట్టి కప్పు కారితే బాగుచేసుకోవడం, కరెంటు తీగలు మార్చుకోవడం, లోపల స్నానాలగది కట్టుకోవడం వంటివాటికి అనుమతే అక్కర్లేదని రాయండి. బయటి రూపం మారే పనులకు దరఖాస్తు చేసిన ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అనండి. ఆస్తిపన్ను మాఫీ చేయండి. ఊళ్లో ఇలాంటి ఇళ్లు కొన్ని వందలకు మించి ఉండవు, దానివల్ల కార్పొరేషన్‌కు పోయేది స్వల్పం.

ఇక ప్రభుత్వమే యజమాని అయిన చోట సాకు చెప్పడానికి కూడా లేదు. ఎంజీ రోడ్డు మీద జేమ్స్ స్ట్రీట్ పోలీస్ స్టేషన్ ఉంది కదా. 1900లో సేఠ్ రాంగోపాల్ కట్టించిన భవనం, నెత్తిన గడియారం. వారసత్వ కట్టడంగా గుర్తింపు ఉన్నదే. ఏళ్ల తరబడి అది అందరి కళ్లముందే శిథిలమవుతూ వచ్చింది. అలాంటి భవనం ఎలా కూలుతుందో ఒక ఇంజినీరుగా చెబుతాను. భూకంపం రాదు, పిడుగు పడదు. మిద్దె మీద పిట్టగోడ వారగా ఆకులు చేరతాయి. తూము మూసుకుపోతుంది. వాన నీళ్లు నిలుస్తాయి. గోడలోకి దిగిన దూలం చివర, గాలి ఆడని చోట, చెమ్మకు మెత్తబడుతుంది. కాకి వేసిన రావి విత్తనం పగుల్లో మొలుస్తుంది. ఎవరో మేస్త్రీ వచ్చి పగులు మీద సిమెంటు పూస్తాడు. సున్నపు గోడ ఊపిరి తీసుకుంటుంది, లోపలి చెమ్మను మెల్లగా బయటికి వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. చెమ్మ లోపలే ఉండి ఉప్పు పొంగి, రెండు వానాకాలాల్లో పూత పెళ్లలుగా ఊడిపోతుంది. అప్పుడు ‘భవనం పాడైంది, ప్రమాదకరం’ అని నోటీసు అతికిస్తారు. మొదటి ఏడాది తూములో ఆకులు తీయడానికి ఒక మనిషికి ఒక పూట కూలి చాలేది.

సున్నం పని తెలిసిన మేస్త్రీలు మన ఊళ్లో ఇంకా ఉన్నారు, కానీ వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గానుగలో సున్నం, ఇసుక కలిపి రుబ్బడం, అందులో కరక్కాయ నీళ్లు, బెల్లం ఎంత పడాలో చేతితో పట్టి చెప్పడం కాలేజీలో నేర్పరు. నేను చదువుకున్నప్పుడు నాకూ నేర్పలేదు, పాతబస్తీ మేస్త్రీ ఒకాయన దగ్గర నిలబడి నేర్చుకున్నాను. మీరు నైపుణ్య విశ్వవిద్యాలయం పెట్టారు. అందులో ఈ పనికి ఒక కోర్సు పెట్టండి, ఆ మేస్త్రీలనే గురువులుగా కూర్చోబెట్టండి. ఐటీఐ చదివిన పిల్లలకు ఇది పదికాలాలు నిలిచే ఉపాధి. ఎందుకంటే మన రాష్ట్రంలో గోల్కొండ నుంచి వరంగల్ దాకా ఆ చేతుల అవసరం ఎప్పటికీ తీరదు.

సెకండ్‌హ్యాండ్ మాటలు కాకుండా సికింద్రాబాద్‌లోనే జరిగింది చెబుతాను. బన్సీలాల్‌పేటలో పదిహేడో శతాబ్దం నాటి మెట్లబావి ఉండేది. ఉండేది అనడం కూడా ఎక్కువే, చెత్తకుండీ అయిపోయింది. వేల టన్నుల చెత్త తీసి, రాయి రాయీ సరిచేసి, 2022 డిసెంబర్ 5న దాన్ని ప్రజలకు తెరిచారు. ఒక స్వచ్ఛంద సంస్థ, వాస్తుశిల్పులు, నగరపాలక సంస్థ కలిసి చేసిన పని. ఇప్పుడు అందులో నీళ్లున్నాయి, సాయంత్రాలు పిల్లలు మెట్ల మీద కూర్చుంటున్నారు. ఆ బస్తీవాళ్లకు వారసత్వం గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేదు, వాళ్లే కాపలా కాస్తున్నారు. 1897లో ప్రారంభమైన మన గడియార స్తంభాన్ని కూడా ఒకప్పుడు ట్రాఫిక్‌కు అడ్డమని తీసేయాలనుకున్నారు. ఊరు ఒప్పుకోలేదు. 2006లో సికింద్రాబాద్‌కు 200 ఏళ్లు నిండిన సందర్భంలో దానికి కొత్త కళ తెచ్చారు. ట్రాఫిక్ దాని చుట్టూ తిరిగి పోతూనే ఉంది. సికింద్రాబాద్ క్లబ్ మాత్రం వేరే పాఠం చెప్పింది. 2022 జనవరి 16 తెల్లవారుజామున మంటల్లో ఆ పాత ప్రధాన భవనం కాలిపోయింది. డబ్బుకు లోటు లేని సభ్యులున్న చోటే అలా జరిగిందంటే, టేకు దూలాల భవనాలన్నిటికీ అగ్నిమాపక శాఖ ప్రత్యేకంగా తనిఖీ చేయాల్సిన అవసరం ఎంతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అత్యవసరమైన సంగతి. 2024 మార్చిలో మీరే రెండు ఎలివేటెడ్ కారిడార్లకు శంకుస్థాపన చేశారు. ఒకటి ప్యారడైజ్ నుంచి డెయిరీ ఫాం రోడ్డు దాకా, మరొకటి జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) దగ్గర్నుంచి శామీర్‌పేట వైపు. రక్షణ శాఖ భూముల కోసం ఏళ్లుగా ఆగిన పని కదిలినందుకు ఉత్తర సికింద్రాబాద్ అంతా సంతోషించింది, నేనూ సంతోషించాను. సుచిత్ర నుంచి ప్యారడైజ్‌కు రావడానికి పట్టే సమయం అనుభవించినవాళ్లకే తెలుసు. మెట్రో రెండో దశలో జేబీఎస్ నుంచి మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మార్గాలు ప్రతిపాదించారు. ఇవన్నీ కలిసి వచ్చే పదేళ్లలో లష్కర్ రూపురేఖలు మార్చేస్తాయి. 1806 తర్వాత ఇంత పెద్ద మార్పు రైలు వచ్చినప్పుడు ఒక్కసారే జరిగింది. పాతబస్తీ మెట్రో మార్గంలో చారిత్రక, మతపరమైన కట్టడాలను తప్పించేలా స్తంభాల స్థానాలు సర్దుతున్నామని మెట్రో అధికారులే చెప్పారు. ఆ జాగ్రత్తే సికింద్రాబాద్‌కూ కావాలి. అక్కడ చార్మినార్ ఉంది కాబట్టి కళ్లు పడ్డాయి. ఇక్కడి కట్టడాలు చిన్నవి, చెల్లాచెదురుగా ఉన్నవి, సర్వే మ్యాపులో ‘పాత భవనం’ అనే రెండు మాటలుగా మిగిలేవి. మ్యాపు మీద గీత గీశాక ఒక ఇంటిని తప్పించడం మహా కష్టం. గీతకు ముందైతే స్తంభాన్ని పది అడుగులు జరపడం ఒక ఇంజినీరుకు ఒక పూట పని.

అందుకే ఆ సర్వే ముందు జరగాలి. రైల్వే, కంటోన్మెంట్ బోర్డు, సైన్యం, విశ్వవిద్యాలయం, వక్ఫ్, దేవాదాయ, చర్చి ట్రస్టుల ప్రతినిధులను పిలిపించండి. అన్ని వార్డుల్లో ఆర్కిటెక్చర్ విద్యార్థుల చేత ఒక్కో భవనాన్నీ కొలిపించి, ఫొటో తీయించి, జాబితా ముసాయిదాను ప్రజల ముందు పెట్టండి. అభ్యంతరాలు వినండి. ఆ జాబితాలోంచి కొన్ని పోవాల్సి వస్తుంది, నేను వాదించను. పునాది కదిలి, గోడలు చీలి, చుట్టుపక్కలవాళ్ల ప్రాణాల మీదికి వచ్చిన కట్టడాన్ని జ్ఞాపకాల కోసం నిలబెట్టమనడం మూర్ఖత్వం. అలాంటివాటిని కొలతలతో, బొమ్మలతో పూర్తిగా నమోదు చేసి, పనికొచ్చే దూలాలూ తలుపులూ మరో పాత ఇంటి మరమ్మతుకు వాడి, గౌరవంగా దించేద్దాం. కొన్ని సినిమాహాళ్లు పోయాయి, సంగీత్ లాంటివి. ఆ సినిమాలూ పోయాయి, ఆ ప్రేక్షకులూ మారారు. బెంగ ఉన్నంత మాత్రాన ప్రతిదానికీ రక్షణ అడగకూడదని నాకు తెలుసు. నేను అడిగేది, ఏది పోవాలో ఏది ఉండాలో అందరం చూసుకుని నిర్ణయించుకునే వ్యవస్థ.

మీకు ఇవన్నీ ఒకేసారి చేయడం కష్టమనిపిస్తే ఒక పనితో మొదలుపెట్టండి. జేమ్స్ స్ట్రీట్ పోలీస్ స్టేషన్ ప్రభుత్వానిదే. ఎవరి అనుమతీ అక్కర్లేదు, ఎవరికీ టీడీఆర్ ఇవ్వనక్కర్లేదు. వచ్చే వానాకాలానికి ముందు మిద్దె ఎక్కి తూములు శుభ్రం చేయించి, రావి మొక్కలు వేళ్లతో సహా తీయించి, దూలాల చివర్లు పరీక్ష చేయించండి. ఆ తర్వాత సున్నం పని తెలిసిన మేస్త్రీలతోనే పూర్తి మరమ్మతుకు టెండరు పిలవండి. టెండరు షరతుల్లో ఒక్క వాక్యం చేర్చమని మీ ఇంజినీర్లకు చెప్పండి: గోడ మీద ఎక్కడా సిమెంటు వాడకూడదు. తర్వాత ఆ భవనంలో మళ్లీ పోలీసులు కూర్చుంటారా, గ్రంథాలయం వస్తుందా అన్నది ఊరివాళ్లను అడిగి తేల్చుకోవచ్చు. మరమ్మతు లెక్కలు, కొలతలు, మేస్త్రీల చిరునామాలు కావాలంటే మీ కార్యాలయం నుంచి ఎవరు పిలిచినా నేను ఏ ఫీజూ తీసుకోకుండా వచ్చి ఆ మిద్దె మీద నిలబడి చూపిస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
ఒక సివిల్ ఇంజినీరు,
ఈస్ట్ మారేడుపల్లి, సికింద్రాబాద్